"ఈ ఒక్క అగ్రిమెంట్ అయిపోతే వస్తా": అబూధాబీ నుంచి మెట్‌పల్లి వైపు ఒక సెంట్రింగ్ మేస్త్రీ తిరుగు ప్రయాణం

జగిత్యాల జిల్లాలో గల్ఫ్ కుటుంబాలకు సలహా, సహాయం అందించే ఒక చిన్న స్వచ్ఛంద కేంద్రంలో పనిచేస్తున్నాను. మా దగ్గరికి ఎక్కువగా వచ్చేవి కష్టాల కేసులే. జీతం అందనివాళ్లు, జైల్లో ఉన్నవాళ్లు, మృతదేహం ఎప్పుడు వస్తుందో తెలియక ఎదురుచూసేవాళ్లు వస్తారు. ఈ కేసులో అలాంటి ఆపద ఏదీ లేదు. జీతం నెలనెలా వచ్చేది, అకామా (అక్కడ ఉండే అనుమతి) సక్రమంగా ఉండేది, కంపెనీ మంచిదే. అయినా ఆ ఇంటి ప్రశ్న తేలడానికి రెండేళ్లు పట్టింది. ఆయన అక్కడే ఉండాలా, వచ్చేయాలా? ఉత్తర తెలంగాణ ఊళ్లలో వేల ఇళ్లు ఇదే ప్రశ్నతో బతుకుతున్నాయి కాబట్టి, భార్యాభర్తలిద్దరి అనుమతితో, వాళ్లను గుర్తుపట్టే వివరాలు మార్చి దీన్ని రాస్తున్నాను.

మనిషి నేపథ్యం

మెట్‌పల్లి దగ్గరి ఊరు. ఏడో తరగతి వరకు చదువు. తండ్రికి ఎకరంన్నర చెరకు. 2006లో, ఇరవై రెండేళ్ల వయసులో, ఏజెంటుకు 80 వేల రూపాయలు కట్టి దుబాయి వెళ్లాడు. ఆ డబ్బు నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చింది. ఇప్పుడు నిబంధనల ప్రకారం రిజిస్టర్డ్ ఏజెంటు తీసుకోవలసింది 30 వేలు, దాని మీద జీఎస్టీ మాత్రమే. ఊళ్లో ఆ లెక్క ఎవరికీ తెలియదు, తెలిసినా అడగరు. 2009లో దుబాయిలో నిర్మాణాలు ఆగిపోయినప్పుడు అప్పు తీరకుండానే ఇంటికి చేరాడు. 2011 ఏప్రిల్‌లో అబూధాబీ కంపెనీలో షట్టరింగ్ కార్పెంటర్‌గా, అంటే స్లాబులకు సెంట్రింగ్ కట్టే పనికి, మళ్లీ వెళ్లాడు. అప్పటి నుంచి అదే కంపెనీ, ముసఫ్ఫాలో అదే లేబర్ క్యాంపు.

రెండేళ్లకో అగ్రిమెంట్. ప్రతిసారీ సంతకం పెట్టే ముందు "ఈ ఒక్కటి అయిపోతే వస్తా" అన్నాడు. 2013లో పాత అప్పు మిగిలి ఉంది. 2015లో ఇంటి స్లాబు. 2017లో చెల్లెలి పెళ్లి. 2019లో రోడ్డు పక్కన ఎకరం పొలం అమ్మకానికి వచ్చింది. 2021 నాటికి, కరోనాలో సగం జీతంతో గడిపిన నెలల లోటు పూడ్చుకోవాలి. ఇందులో ఏ కారణమూ సాకు కాదు. అన్నీ నిజమైన అవసరాలే.

నిజంగా వచ్చేయాలని అనుకున్నది ఒక్కసారే. 2015లో కొత్త అగ్రిమెంట్ మీద సంతకం పెడుతూనే, అది ముగిశాక తండ్రి పొలంలో చెరకు వేసుకుంటానని, పక్క రైతు పొలం కూడా కౌలుకు మాట్లాడమని ఇంటికి చెప్పాడు. ఆ డిసెంబరులోనే ముత్యంపేట చక్కెర ఫ్యాక్టరీ మూతపడింది. చెరకు కొనే దిక్కు లేకపోయాక ఆ ఆలోచన కూడా ఆగిపోయింది. అబూధాబీలో ఉన్న మనిషి తిరిగి రాకపోవడానికి మెట్‌పల్లి పక్కన ఒక ఫ్యాక్టరీ గేటుకు పడిన తాళం కారణమైంది. గల్ఫ్ వలస గురించి మాట్లాడేవాళ్లు అక్కడి జీతాల గురించే చెబుతారు. ఇక్కడ ఒక్కొక్కటిగా మూతపడిన దారుల గురించి కూడా అంతే గట్టిగా చెప్పాలని నాకు అనిపిస్తుంది.

మా దగ్గరికి ఎలా వచ్చింది

2023 జనవరిలో ఆయన భార్య వచ్చింది. బీడీలు చుడుతుంది, మహిళా సంఘంలో లెక్కలు రాస్తుంది. మామగారికి అంతకు ముందు ఏడాది పక్షవాతం వచ్చింది. కొడుకు పాలిటెక్నిక్‌లో ఉన్నాడు, కూతురు ఎనిమిదో తరగతి. ఏప్రిల్‌లో అగ్రిమెంట్ మళ్లీ రాయాలి. "ఆయనకు మీరు ఏదో ఒకటి చెప్పండి అన్నా. ఉండమంటే ఉంటాడు, రమ్మంటే వస్తాడు. మేమిద్దరం ఫోన్లో మాట్లాడుకుంటే ఎటూ తేలదు" అంది.

అలా చెప్పే హక్కు మాకు లేదు. ఉండమని కానీ, రమ్మని కానీ మేము ఎవరికీ చెప్పం. తేలకుండా అడ్డుపడుతున్నది ఏమిటో వెతకడం వరకే మా పని. అందుకు భార్యాభర్తలతో విడివిడిగా మాట్లాడతాం. ఒకరు చెప్పింది వాళ్లు ఒప్పుకుంటే తప్ప రెండోవారికి చేరవేయం.

ఆమెతో మాట్లాడటం తేలిక. ఆయనతో అయితే ఆదివారం సెలవు రోజున, క్యాంపులో వైఫై బాగా అందే మెట్ల దగ్గర ఆయన కూర్చున్నప్పుడు, బోటిమ్ యాప్‌లో మాట్లాడాలి. అక్కడ వాట్సాప్ కాల్ పనిచేయదు. గదిలో మరో ఏడుగురు ఉంటారు కాబట్టి లోపల కూర్చుని మనసు విప్పలేడు. మొదటి రెండు మూడు ఆదివారాలు డబ్బు తప్ప మరో మాట రాలేదు. "అక్కడ ఏం పని చేయాలి సార్? ఇక్కడ 1,700 దిర్హాంలు వస్తాయి. మన దగ్గర అంత ఎవరిస్తారు?" ఇదే పాట.

లెక్క

సరే, ఆ లెక్కతోనే మొదలుపెట్టాం. వాదన కంటే లెక్క మంచిది. ఓవర్‌టైమ్‌తో కలిపి 1,700 దిర్హాంలు అంటే అప్పటి మారకంలో నెలకు దాదాపు 38 వేల రూపాయలు. ఊళ్లో అందరి నోళ్లలో నానే అంకె ఇదే. అందులో 450 దిర్హాంలు ఆయన తిండికి, ఫోనుకు, చిల్లర ఖర్చులకు పోతాయి. ఇంటికి చేరేది 1,250, అంటే 28 వేలు. ఇక్కడికి వస్తే ఆ 450 విడిగా ఖర్చు కావు, అదే పొయ్యి మీద ఆయన అన్నమూ ఉడుకుతుంది. కాబట్టి పోల్చాల్సింది 38 వేలతో కాదు, 28 వేలతో. మెట్‌పల్లి, కోరుట్ల, జగిత్యాలలో సెంట్రింగ్ మేస్త్రీకి ఏం ఇస్తున్నారో ముగ్గురు కాంట్రాక్టర్లను అడిగి తెలుసుకున్నాం. రోజుకు 900 నుంచి 1,000. వానాకాలం, పండుగలు, పని దొరకని రోజులు తీసేస్తే నెలకు 18 నుంచి 20 వేలు అని వేసుకున్నాం. తేడా ఉంది. కానీ ఊళ్లో అనుకునేంత లేదు.

మారకం రేటు చేసిన మాయ ఇంకొకటి. దిర్హాం డాలరుకు కట్టి ఉంటుంది. 2011లో దిర్హాంకు పన్నెండు రూపాయల పైన వస్తే, 2023 నాటికి ఇరవై రెండు దాటింది. ఈ పన్నెండేళ్లలో ఆయన జీతం దిర్హాంలలో పెరిగింది చాలా కొద్ది. ఇంటికి చేరే రూపాయలు మాత్రం పెరుగుతూ వచ్చాయి. జీతం పెరుగుతోందని ఇంట్లో అనుకున్నారు. నిజానికి రూపాయి పడిపోయింది, ఇక్కడి ధరలు కూడా దానితో పాటే ఎక్కాయి.

ఆ తరువాత సర్వీసు డబ్బు. మానేసిన రోజున కంపెనీ నాలుగు లక్షలు చేతిలో పెడుతుందని, దానితో ట్రాక్టర్ కొంటానని ఆయన ధీమా. మొత్తం జీతం మీద లెక్క వేసుకుంటే నాలుగు లక్షలే వస్తుంది. కానీ యూఏఈ చట్టం లెక్కించేది చివరి బేసిక్ జీతం మీద. ఓవర్‌టైమ్, అలవెన్సులు అందులోకి రావు. మొదటి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజుల బేసిక్, ఆ పైన ఏడాదికి 30 రోజులది. ఆయన బేసిక్ 1,000 దిర్హాంలు. అంటే మొదటి ఐదేళ్లకు ఏడాదికి 700 చొప్పున 3,500. తరువాతి ఏడేళ్లకు 7,000. మొత్తం 10,500 దిర్హాంలు, రెండు లక్షల 34 వేలు. జీతం లేని సెలవు రోజులు తీసేస్తే ఇంకాస్త తగ్గుతుంది. ఈ లెక్క చెప్పిన రోజున ఆయన చాలాసేపు మాట్లాడలేదు. పక్క గదిలో ఎవరో టీవీ పెట్టిన చప్పుడు మాత్రం వినిపించింది. తరువాత, "అంటే నేను అనుకున్న ట్రాక్టర్ లేదన్నమాట" అన్నాడు.

ఆయనకు తెలియని మంచి సంగతి కూడా ఒకటి ఉంది. తనంతట తాను మానేస్తే సర్వీసు డబ్బులో కోత పడుతుందని క్యాంపులో అందరూ నమ్మేవారు. పాత చట్టం కింద కొన్ని సందర్భాల్లో అలాగే ఉండేది. 2022 ఫిబ్రవరి నుంచి అమల్లోకి వచ్చిన కొత్త కార్మిక చట్టంలో ఆ కోత లేదు. ఏడాది సర్వీసు నిండి, నోటీసు గడువు పాటించి మానేస్తే పూర్తిగా ఇవ్వాలి. "మధ్యలో వదిలితే అంతా పోతుంది" అన్న ఒక్క భయంతోనే ఒంట్లో బాగా లేకపోయినా అగ్రిమెంట్ చివరి దాకా ఈడ్చేవాళ్లు ఎంతోమంది ఉన్నారు. ఈ నిబంధన లేబర్ క్యాంపుల గోడల మీద తెలుగులో రాసి పెట్టాల్సినంత ముఖ్యమైనది.

రెండు దాపరికాలు

డబ్బు లెక్క తేలినా ఆయన తేల్చుకోలేదు. దీంతో అసలు ముడి డబ్బులో లేదని అర్థమైంది.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం ఆయనే చెప్పాడు. ఏడాదిగా ఓవర్‌టైమ్ తగ్గింది, నెలకు 1,350 మించి రావడం లేదు. ఇంటికి మాత్రం ఎప్పటిలాగే 1,250 పంపుతున్నాడు. క్యాంపులో తెలుగువాళ్లు కలిసి వేసుకునే చిట్టీని ముందే ఎత్తేసి, దానితో నెట్టుకొస్తున్నాడు. షుగరు ఉన్నట్టు తేలి రెండేళ్లయింది. ఎండాకాలం స్లాబు మీద నిలబడితే కళ్లు తిరుగుతున్నాయి. ఇవేవీ ఇంట్లో తెలియవు. "చెబితే అన్నం మానేస్తుంది సార్" అన్నాడు.

ఆ వారంలోనే ఆమె కూడా నోరు విప్పింది. మామగారిని కరీంనగర్ ఆసుపత్రిలో ఉంచినప్పుడు, కొడుకు ఫీజు కట్టినప్పుడు చేసిన అప్పు లక్షా అరవై వేలు. అందులో లక్ష సంఘం ద్వారా తెచ్చింది, మిగతాది బయట నూటికి రెండు రూపాయల వడ్డీకి. ఆయన మాత్రం అప్పులన్నీ ఎప్పుడో తీరిపోయాయని అనుకుంటున్నాడు. ఎందుకు చెప్పలేదని అడిగితే, "అప్పు ఉందంటే ఇంకో రెండేళ్లు ఉంటానంటాడు. ఆయన ఉండాలని నేను అప్పు చేసినట్టు అవుతుంది" అంది.

ఆమె అనుకున్నట్టు, ఎవరో రమ్మంటే ఆయన వచ్చేవాడూ కాదు, ఉండమంటే ఉండేవాడూ కాదు. ఒకరి కష్టం ఒకరికి తెలియకుండా ఉండాలని ఇద్దరూ నిజాన్ని దాచారు. ఆ తప్పుడు అంకెల మీద ప్రతి రెండేళ్లకూ నిర్ణయం జరిగిపోతూ వచ్చింది. మేము చూసిన కేసుల్లో ఇది సర్వసాధారణం. గల్ఫ్ కూలీ ఉండాలా రావాలా అన్నది ఒక్క మనిషి తెలివిగా వేసుకునే లాభనష్టాల లెక్క అని చాలామంది అనుకుంటారు. అది ఇల్లంతా కలిసి చేసే నిర్ణయం. ఆ ఇంట్లో ఎవరికి ఏం తెలుసు, ఎవరు ఏం చెప్పలేకపోతున్నారు అన్నదాన్ని బట్టి అది ఎటు తిరగాలో అటు తిరుగుతుంది.

ఇంత దాపరికానికి చోటు ఎక్కడిది? యూఏఈలో భార్యాపిల్లలను తీసుకెళ్లాలంటే నెలకు 4,000 దిర్హాంల జీతం, లేదా 3,000తో పాటు కంపెనీ ఇల్లు ఉండాలి. 1,700 వచ్చే మనిషికి ఆ దారి లేదు. పౌరసత్వం ఊసే లేదు. అమెరికాలో గ్రీన్‌కార్డు కోసం ఏళ్ల తరబడి వరుసలో ఉన్న మన పిల్లలది మరో రకం బాధ. కానీ వాళ్లు ఒకే కప్పు కింద ఉండి, ఒకే కంచం ముందు కూర్చుని మాట్లాడుకుంటారు. ఇక్కడ రెండు ఇళ్లు, రెండు రకాల నిజాలు. రెండేళ్లకోసారి వచ్చే రెండు నెలల సెలవులో అందరూ సంతోషంగా ఉండాలని చూస్తారు, కష్టం మాట ఎవరూ ఎత్తరు.

ఇద్దరూ ఒప్పుకున్నాక మార్చి మొదటి ఆదివారం ఒకే కాల్‌లో కలిపాం. నేను పక్కన కూర్చున్నాను కానీ మాట్లాడలేదు. ముందు ఆమె అప్పు సంగతి చెప్పింది. ఆయన కోపగించుకున్నాడు, అరిచాడు, కాల్ కట్ చేశాడు. పది నిమిషాల తరువాత మళ్లీ చేశాడు. అప్పుడు తన షుగరు సంగతి, చిట్టీ సంగతి చెప్పాడు. ఆమె ఏడుస్తూ, "మరి ఆ పైసలు ఎందుకు పంపినావు?" అని ఒకే ప్రశ్న మళ్లీ మళ్లీ అడిగింది.

కలిసి తీసుకున్న నిర్ణయం

ఆయన వెంటనే రాలేదు. ఈ మాట గట్టిగా చెప్పాలి, ఎందుకంటే మాలాంటి కేంద్రాలు వలసకూలీలను వెనక్కి రప్పించడానికే ఉన్నాయని కొందరు భావిస్తారు. ఏప్రిల్‌లో మళ్లీ సంతకం పెట్టాడు. ఈసారి ఎందుకు పెడుతున్నాడో ఇద్దరికీ తెలుసు. చిట్టీ తీరాలి, బయటి అప్పు తీరాలి, వచ్చాక గడవడానికి ఆరు నెలల ఇంటి ఖర్చు ఆమె పేర డిపాజిట్ కావాలి. ఇవి మూడూ అయిన రోజున, అగ్రిమెంట్ గడువు మిగిలి ఉన్నా వచ్చేయాలి.

ఆరు నెలల డబ్బు మీద మేము పట్టుబట్టాం. వచ్చినవాళ్లు మళ్లీ వీసా కోసం పరుగెత్తేది ఎక్కువగా ఆ మొదటి నెలల్లోనే. పని వెంటనే దొరకదు. బంధువులు అప్పులు అడుగుతారు. చేతిలో ఉన్నది కరిగిపోతుంది. నాలుగో నెలలో ఏజెంటు ఫోను వస్తే కాదనే ధైర్యం ఉండదు. తిరిగి రావడానికి కోరిక ఒక్కటే చాలదు, సంసిద్ధత కావాలని వలస పరిశోధకుడు జాన్-పియర్ కసారినో 2004లో రాశారు. డబ్బు, పరిచయాలు, సమాచారం కూడగట్టుకోవడానికి వ్యవధి ఉన్నవాడే నిలదొక్కుకుంటాడన్నది ఆయన వాదన సారాంశం. మా అనుభవంలో ఆ మాట అక్షరాలా నిజం.

ఆ వ్యవధి కూడా దొరకనివాళ్లు ఉన్నారు. ఇదే ఊళ్లో, ఇదే వాడలో, ఈయన వరుసకు తమ్ముడు విజిట్ వీసా మీద దుబాయి వెళ్లి, గడువు దాటాక ఖల్లివెల్లిగా (సరైన కాగితాలు లేని కూలీగా) మారి, దొరికిన పని చేసుకుంటూ నాలుగేళ్లు గడిపాడు. 2024 సెప్టెంబరు నుంచి డిసెంబరు వరకు యూఏఈ క్షమాభిక్ష ఇచ్చినప్పుడు జరిమానా లేకుండా, మళ్లీ రావడానికి నిషేధం కూడా లేకుండా వెళ్లిపోయే అవకాశం వచ్చింది. అతను చివరి వారం దాకా కదల్లేదు. ఇంటి దగ్గర అప్పు అలాగే ఉంది, ఖాళీ చేతులతో ఆ గడప ఎక్కడం అతని వల్ల కాలేదు. చివరికి తల్లి ఫోన్లో ఒట్టు పెట్టుకుంటే వచ్చాడు. ఇలాంటి మనిషి విషయంలో "ఉండాలని నిర్ణయించుకున్నాడు" అని రాయడం అన్యాయం. అతనికి నిర్ణయించుకునే చోటే లేదు.

మా మేస్త్రీ 2024 డిసెంబరులో వచ్చాడు. సర్వీసు డబ్బు దాదాపు 12,000 దిర్హాంలు అందింది, రూపాయల్లో రెండు లక్షల 77 వేలు. అందులో లక్షన్నరతో పాత సెంట్రింగ్ రేకులు, జాకీలు, వాసాలు కొన్నాడు. ట్రాక్టర్ మాట మళ్లీ ఎత్తలేదు.

వచ్చాక

మొదటి మూడు నెలలు చాలా కష్టంగా గడిచాయి. పద్దెనిమిదేళ్లుగా ఆ ఇంటిని నడిపింది ఆమె. సంఘం మీటింగులకు వెళ్లింది, పొలం కొనుగోలు మాట్లాడింది, పిల్లల బడికి వెళ్లి సంతకాలు పెట్టింది. ఆయన రాగానే బ్యాంకు పుస్తకం అడిగాడు. ఆమె ఇవ్వలేదు. "నేనేమన్నా దొంగనా?" అని ఆయన, "నేను ఇన్నాళ్లూ దొంగతనం చేశానా?" అని ఆమె. కూతురు తండ్రిని ఏదైనా అడగాలంటే ముందు తల్లికి చెప్పి, తల్లి ద్వారా అడిగించేది. ఆయనను ఎక్కువగా బాధపెట్టింది అదే. ఊళ్లో పలకరింపులూ మారాయి. సెలవు మీద వచ్చినప్పుడు "ఎప్పుడు వచ్చావు?" అనేవారు. ఇప్పుడు "మళ్లీ ఎప్పుడు పోతున్నావు?" అంటున్నారు. పోనని చెబితే ఏదో తప్పు చేసి పంపించేశారన్నట్టు చూస్తున్నారు.

తిరిగి వచ్చినవాళ్లకు కుటుంబంలో మళ్లీ ఒక చోటు కావాలి. ఈ కోణంలో సాయం చేసే పథకమేదీ నాకు కనిపించదు. గల్ఫ్‌లో చనిపోయినవారి కుటుంబానికి తెలంగాణ ప్రభుత్వం ఐదు లక్షలు ఇస్తోంది. అది అవసరమైన సాయం, ఎన్నో ఏళ్లు అడిగితే వచ్చిన సాయం. ప్రాణాలతో తిరిగి వచ్చినవాడి కోసం కూడా ఎవరైనా ఆలోచించాలి. పని నేర్చిన చేతులవి. వాళ్లకు బ్యాంకు దగ్గర హామీ, టౌన్లో ఒక కాంట్రాక్టరుతో పరిచయం, ఇంట్లో నాలుగు మంచి మాటలు కావాలి. ఇవి ఏర్పాటు చేయలేనంత పెద్ద విషయాలు కావు.

బ్యాంకు పుస్తకం ఆమె దగ్గరే ఉంది. సెంట్రింగ్ సామాను ఆదాయానికి ఆయన పేర వేరే ఖాతా తెరుచుకున్నారు. ఈ సర్దుబాటు వాళ్లు మాట్లాడుకుని చేసుకున్నదే, మా సలహా కాదు. ఇప్పుడు ఆయన దగ్గర బీహార్ నుంచి వచ్చిన ఇద్దరు కుర్రాళ్లు పనిచేస్తున్నారు. వాళ్లతో హిందీలో మాట్లాడతాడు, ముసఫ్ఫా క్యాంపులో నేర్చుకున్న హిందీ. వాళ్లు ఇంటికి ఫోను చేసుకునే వేళకు పని ఆపేస్తాడని ఆమె చెప్పింది. పని ఉన్న నెలలో ఖర్చులు పోను 22 వేల దాకా మిగులుతోంది, లేని నెలలో పది వేలు కూడా రావడం లేదు. షుగరు అదుపులోకి వచ్చింది. సంఘం అప్పు ఇంకా కొంత ఉంది.

ఫైలు మూసేద్దామనుకుంటుండగా కొడుకు వచ్చాడు. సివిల్ డిప్లొమా పాసయ్యాడు, ఖతార్‌లో సూపర్‌వైజర్ ఉద్యోగం ఇప్పిస్తానని ఒక ఏజెంటు లక్షన్నర అడుగుతున్నాడు. తండ్రి వద్దంటున్నాడు, తల్లి ఏమీ అనడం లేదు. తండ్రికి లేని చిక్కు ఒకటి కొడుకుకు ఉంది. పదో తరగతి పాసయ్యాడు కాబట్టి అతని పాస్‌పోర్టుకు ఎమిగ్రేషన్ క్లియరెన్సు (పనికి వెళ్లే ముందు మన ప్రభుత్వం ఇచ్చే అనుమతి) అక్కర్లేదు. అంటే కేంద్ర ప్రభుత్వ వెబ్‌సైట్ ఈ-మైగ్రేట్‌లో అగ్రిమెంట్ పరిశీలన, పది లక్షల ప్రవాసీ భారతీయ బీమా అతని విషయంలో తప్పనిసరి కావు. చదువుకున్నవాడికి ఆ రక్షణ అవసరం లేదని ఈ పద్ధతి భావిస్తుంది. మేము చూసిన మోసాలలో డిప్లొమా కుర్రాళ్లవి తక్కువేమీ కాదు.

ఏజెంటు లైసెన్సు నంబరు తెమ్మన్నాం, బేసిక్ జీతం ఎంతో విడిగా రాసిన అగ్రిమెంట్ చూడకుండా ఒక్క రూపాయి కూడా కట్టొద్దన్నాం. వచ్చే ఆదివారం ముగ్గురినీ కలిపి కూర్చోబెట్టాలని అడిగాను. తండ్రి వస్తానన్నాడు. తన జీతం కాగితాలన్నీ, 2011 నాటివి కూడా, పట్టుకొస్తానని చెప్పాడు.